ఇరవై రెండోవాడు

మా నాన్న చావడానికి ఎంచుకున్న వేసవి డబ్లిన్‌లో ఎవరూ చావకూడని వేసవి. మా వైపు సమాధుల తోటలో గోతులు తవ్వేవాళ్ళు జూన్ మొదటి వారంలో పారలు కింద పడేసి, ఎవరూ లోపలికి పోకుండా గేటు ముందు పికెట్ పెట్టి నిలబడ్డారు. వాళ్ళు అడిగినవి మూడే. వాన పడి పని ఆగిన రోజుకు కూలి, తిండి తినడానికి పైకప్పున్న ఒక గది, చేతులు కడుక్కోవడానికి ఒక కుళాయి. కుళాయి సంగతి పేపర్లో చదివి వినిపిస్తే అమ్మ ముక్కున వేలేసుకుంది. ఇన్నేళ్ళూ ఆ మట్టి చేతులతోనే రొట్టె తింటున్నారా అని ఆ రోజంతా అదే మాట.

నాన్నకు మాత్రం ఆ సమ్మె మంచి కాలక్షేపమైంది. నలభై ఏళ్ళు రేవులో బొగ్గు ఓడలు దించి, ఆ బొగ్గులో సగం తన ఊపిరితిత్తుల్లోనే నింపుకున్న మనిషి. ఏప్రిల్ నుంచి మంచం దిగలేదు. కిటికీ పక్కన దిండ్లు ఎత్తుగా పెట్టించుకుని కూర్చుని, నేను పనికి బయల్దేరే ముందు రోజూ ఒకటే ప్రశ్న.

"ఎన్నో రోజే, సెప్టా?"

"పదకొండు, నాన్నా."

"తోట కమిటీ పెద్దమనుషులు దిగొచ్చారా?"

"లేదు."

"అయితే నేను నిమ్మళంగా పోవాలన్నమాట. తొందరపడితే మధ్యలో ఇరుక్కుంటాను."

అమ్మ సూప్ గిన్నె తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. "ఎప్పుడూ ఊళ్ళోవాళ్ళ సమ్మెల గురించే బెంగ. ముందు ఇది తాగవయ్యా."

"జోసీ, ఒక మాట చెప్తా విను. పికెట్ ఉండగా నేను పోయాననుకో. నన్ను ఆ గేటు దాటించొద్దు. బతికుండగా ఏ పికెట్టూ దాటలేదు. పడుకుని దాటితే మాత్రం దాటినట్టు కాదా ఏం?"

"పోయినప్పుడు చూద్దాంలే. సూప్ చల్లారిపోతోంది."

మా ఇంట్లో ఇది కొత్త మాట కాదు. పందొమ్మిది వందల పదమూడులో యజమానులు యూనియన్‌వాళ్ళను పనిలోకి రానివ్వకుండా ఊరంతా తాళాలు వేసిన ఏడాది మా తాత ఐదు నెలలు పస్తులుండి కూడా యూనియన్ వదులుతానని సంతకం పెట్టలేదు. నేను బడికి వెళ్ళే రోజుల్లో రొట్టెల బండ్లు తోలేవాళ్ళు సమ్మె చేస్తే, అమ్మ వేరే వీధి నుంచి ఒక రొట్టె తెచ్చినందుకు నాన్న మూడు వారాలు ఉడికించిన బంగాళాదుంపలు తప్ప ఏమీ ముట్టలేదు. ఆ రొట్టె మేం పిల్లలం తిన్నాం. చాలా బాగుంది. ఆ సంగతి ఆయన ముందు ఎవరం నోరెత్తలేదు.

జూన్ ఇరవయ్యో తేదీ ఉదయం టీ తాగుతూ తాగుతూ పోయాడు. కప్పులో సగం టీ అలాగే ఉంది.

మా వాళ్ళలో పోయిన మనిషి మూడో రోజుకల్లా మట్టిలో ఉండాలి. అంతకు మించి ఆపితే ఆ ఇంటికి దిక్కులేదన్నట్టు చూస్తారు. ముందు గదిలో నాన్నను పడుకోబెట్టి, గడియారం ఆపి, అద్దానికి గుడ్డ కప్పి, వచ్చినవాళ్ళకు టీలు కాస్తూ ఉన్నాం. శవపేటికలు చేసే క్విర్క్ గారు టోపీ చేత్తో తిప్పుకుంటూ వచ్చి అమ్మను పక్కకు పిలిచాడు.

"ఇరవై ఒక్కరు ముందున్నారమ్మా. వేరే తోటల్లో చోటున్నవాళ్ళు అక్కడికి పట్టుకుపోయారు. ఇక్కడ సొంత చోటున్నవాళ్ళే ఆగారు. చర్చి కింద నేలమాళిగ తెరిచారు, ఇంకొక్కరికే చోటుంది, రేకు పెట్టెలో పెట్టి మూస్తాం. ఏ ఇబ్బందీ ఉండదు."

అమ్మ తల ఊపింది. మాకు సొంత చోటు అక్కడే. నాలుగేళ్ళకే పోయిన మా చెల్లెలు మోనికా ఉన్నది అక్కడే. నాన్నను ఆ పిల్ల పక్కన తప్ప ఇంకెక్కడా పెట్టేది లేదని ఇంట్లో అందరికీ తెలుసు.

అది విన్న అమ్మ మొహం చూసి నేను ఊరుకోలేకపోయాను. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేదాన్ని, మా గదిలో యాభై మంది ఆడవాళ్ళకు యూనియన్ ప్రతినిధిని. ఎవరిని అడగాలో, ఎలా అడగాలో తెలుసు. ఆ మధ్యాహ్నమే గోతులు తవ్వేవాళ్ళ యూనియన్ హాలుకు వెళ్ళాను. సమ్మె కమిటీకి పెద్ద జెమ్ డిగ్నన్ అనే ఆయన. పొడుగ్గా, వంగిన వెన్నుతో, మోచేతుల దాకా మట్టి రంగు పట్టేసిన మనిషి.

"బార్టిల్ గెరటీ కూతురివా? అయ్యో, పోయాడా," అని కుర్చీ లాగాడు. "యాభై నాలుగులో మేం సమ్మెకు దిగినప్పుడు మీ నాన్న తోటకి రావల్సిన రాయిని నాలుగు రోజులు ఓడలోంచి దించనివ్వలేదు. మాకు బంధువూ కాదు, ఏమీ కాదు. అది మర్చిపోతే మేం మనుషులమేనా?"

"మరి మమ్మల్నేం చెయ్యమంటారు?"

జెమ్ మిగతావాళ్ళకేసి చూశాడు. తొమ్మిది మంది ఉన్నారు. అడిగితే తొమ్మిది చేతులూ లేచాయి. ఒక్క గొయ్యి, యూనియన్ సోదరుడి గౌరవార్థం, శనివారం పదకొండు గంటలకు. కాగితం మీద రాసి ముద్ర వేసి ఇచ్చారు. సమ్మె చేస్తున్నవాళ్ళే తవ్వి, వాళ్ళే గేటు తీస్తే అది పికెట్ దాటడం కాదు గదా. నాన్న కూడా తప్పు పట్టలేడు. ఇంటికొస్తుంటే నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

"అయిపోయిందమ్మా. శనివారం పెట్టుకోవచ్చు. వాళ్ళు తవ్వుతామన్నారు."

అమ్మ చేతిలో కప్పు కింద పెట్టింది. "అందరివీనా?"

నేను టీ నీళ్ళు మరుగుతున్నాయేమో చూడాలన్నట్టు పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాను.

శనివారం రెండు వందల మంది రేవు మనుషులు నాన్న పెట్టెతో పాటు అమ్మా నేనూ ఎక్కిన క్విర్క్ గారి బండి వెనక నడిచారు. అందరూ ఆదివారం చర్చికి వేసుకునే కోట్లలో, కోటు మడతకు యూనియన్ బిళ్ళ పెట్టుకుని. గేటు దగ్గర పికెట్‌వాళ్ళు నినాదాలు రాసిన అట్టలు దించి, టోపీలు తీసి రెండు వరసలుగా నిలబడ్డారు. జెమ్ స్వయంగా గేటు తీశాడు. నాకు ఎంతో గర్వంగా అనిపించింది. దొరబాబులకు కూడా దొరకని సాగనంపు అనుకున్నాను.

గేటు పక్కన గోడవారగా ఒక చెక్కపెట్టె మీద నల్ల బట్టల్లో ఒక పిల్ల కూర్చుని ఉంది. నాకంటే చిన్నది. మా బండి రాగానే లేచి నిలబడింది. అమ్మ బండి ఆపమంది. ఎందుకో నాకర్థం కాలేదు. దిగి జెమ్ దగ్గరికి వెళ్ళింది, వెనకే నేనూ దిగాను.

"ఎవరు నాయనా ఆ పిల్ల?"

"ఊనా హన్రాటీ అమ్మా. మొగుడు ఇళ్ళకి రంగులేసేవాడు. నిచ్చెన మీంచి పడ్డాడు. రోజూ వచ్చి ఇక్కడే కూచుంటది."

"ఎన్నాళ్ళయింది?"

"పదిహేను రోజులు."

"మరి ఆయనకి తవ్వలేదేం?"

జెమ్ టోపీ చేతులు మార్చుకున్నాడు. "ఆయన ఏ యూనియన్లోనూ లేడమ్మా."

అమ్మ ఊనాకేసి చూసింది. వెనక రెండు వందల మంది ఆగారు, ముందు వరసవాళ్ళు ఏమైందని మెడలు సాచి చూస్తున్నారు. అమ్మ నాకేసి తిరిగింది.

"అందరివీ అన్నావు."

"నేననలేదు," అన్నాను. నిజమే, అనలేదు.

ఇక్కడ బిళ్ళ సంగతి చెప్పాలి. రేవులో పని రోజు కూలి. పొద్దున ఏడున్నరకి మనుషులంతా గుండ్రంగా గుమిగూడి నిలబడితే, మేస్త్రీ ఒక బల్ల ఎక్కి పేర్లు పిలిచేవాడు. బిళ్ళ ఉన్నవాళ్ళను ముందు పిలవాలి. అది యూనియన్ కొట్లాడి తెచ్చుకున్న హక్కు. అంతకుముందు మేస్త్రీకి మందు పోయించినవాడికే పని. కానీ ఆ బిళ్ళ తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్ళేది. అమ్మ తమ్ముడు ఫింటన్ మామయ్యకు బిళ్ళ లేదు, వాళ్ళ నాన్న రేవు మనిషి కాదు కనుక. పద్దెనిమిదేళ్ళు మామయ్య మా నాన్న పక్కనే నిలబడి, బావ పేరు పిలిచాక, ఇంకో వంద పేర్లు పిలిచాక, చేతులు జేబుల్లో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయేవాడు. ఒకసారి బిళ్ళ లేనివాళ్ళనూ పుస్తకంలో చేర్చుకుందామని యూనియన్‌లో ఓటు పెట్టారు. నాన్న చెయ్యి ఎత్తలేదు. ఆ రోజు నుంచి మామయ్య మా గడప తొక్కలేదు. నాన్న పోయాడని కబురు పెట్టినా రాలేదు.

గేటు దగ్గర అమ్మ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదని నాకు తర్వాత చాలాసార్లు అనిపించింది.

"బతికినన్నాళ్ళూ ఈయన్ని ముందే పిలిచారు, జెమ్. పక్కన నిలబడ్డోళ్ళు చూసి ఇంటికెళ్ళేవాళ్ళు. ఇక చాలు. ఈయన్ని వరసలో పెట్టండి."

"అమ్మా, కమిటీ తీర్మానం చేసింది. గొయ్యి తవ్వేశాం."

"తవ్విన గొయ్యి ఎక్కడికీ పోదుగా." తర్వాత క్విర్క్ గారితో, "బండి తిప్పండి."

నేను అమ్మ చెయ్యి పట్టుకుని లాగాను. "పిచ్చి పట్టిందా నీకు? ఇంతమంది ముందు నాన్న పరువు తీస్తావా?" అమ్మ నా చెయ్యి విడిపించుకుని బండి ఎక్కింది.

ఆ వీధి సన్నం. రెండు వందల మందిని వెనక్కి నడిపించి, పొడుగాటి బండిని ముందుకూ వెనక్కూ లాగి తిప్పేసరికి పావుగంట పట్టింది. ఒక పూలదండ చక్రం కింద పడింది. రేవు మనుషుల్లో ఒకడు, "బార్టిల్ బతికున్నప్పుడు కూడా ఈవిడ్ని ఒప్పించలేకపోయేవాడు," అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వు ఆపుకోలేకపోయారు. నాకు భూమిలోకి దూరిపోవాలనిపించింది.

తొమ్మిది రోజులు అమ్మతో మాట్లాడలేదు. ఒక్కసారి మాత్రం నోరు జారాను. "నీ పంతం కోసం నాన్న చీకట్లో రేకు పెట్టెలో పడున్నాడు."

"ఎక్కడున్నాడో నాకు తెలుసే," అంది అమ్మ, దుంపలు చెక్కు తీస్తూ.

సోమవారం నుంచి అమ్మ ఫ్లాస్కులో టీ పోసుకుని గేటు దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఊనా పక్కన ఇంకో పెట్టె వేసుకుని కూర్చునేది. మొదట్లో ఇద్దరే. తర్వాత తల్లి పోయిన ఒకాయన, తర్వాత అన్న పోయిన అక్కచెల్లెళ్ళు. రెండో వారానికి ఇరవై రెండు ఇళ్ళ నుంచీ ఎవరో ఒకరు రోజూ వచ్చేవాళ్ళు. మొదట్లో వీళ్ళకు గోతులు తవ్వేవాళ్ళంటే ఒళ్ళు మంట. ఎదురెదురుగా అంతసేపు కూర్చుంటే ఎన్నాళ్ళని మొహం తిప్పుకుంటారు? వాన పడితే అందరూ ఒకే పట్టా కింద నిలబడాల్సి వచ్చేది. అక్కడే తెలిసింది వాళ్ళకు, తవ్వేవాళ్ళు ఏడాది పొడుగునా ఆ వానలోనే తింటారని.

తొమ్మిదో రోజు సాయంత్రం అమ్మే మాట కలిపింది. "మీ యూనియన్ ఆఫీసులో అట్టల మీద రాసే రంగు ఉంటదా?"

"ఎందుకు?"

"రేపు తోట కమిటీ ఆఫీసుకెళ్తున్నాం. నీ చేతిరాత బాగుంటది."

కోపం కోపమే, రంగు మాత్రం తెచ్చాను. కుంచె ముంచి, "ఏ యూనియన్ పేరు రాయాలి?" అన్నాను, కాస్త వెటకారంగానే.

అమ్మ ఆలోచించింది. "మేం ఏ యూనియనూ కాదుగా. 'ఆగినవాళ్ళం' అని రాయి."

మర్నాడు సెలవు పెట్టి నేనూ వెళ్ళాను. రాయడం వరకే అనుకున్నాను, కానీ అమ్మను పంపేసి నేను ఆగలేకపోయాను. కమిటీ ఆఫీసులో చెప్పులతో తొక్కాలంటే భయమేసేంత మెత్తటి తివాచీ పరిచి ఉంది. కార్యదర్శి ప్రెండర్‌గాస్ట్ గారు మర్యాదగానే లేచి నిలబడ్డాడు.

"మీ బాధ మాకు తెలుసమ్మా. కానీ మీ వాళ్ళను ఆపింది మేం కాదు, ఆ మనుషులు. వెళ్ళి వాళ్ళనడగండి."

"అడిగామండీ," అంది అమ్మ. "కుళాయి కావాలన్నారు. ఒక కుళాయి పెట్టడానికి ఎన్నాళ్ళు పడతది?"

"అది కుళాయి విషయం కాదమ్మా. ఒకటి ఒప్పుకుంటే ఇంకోటి అడుగుతారు. ఇది సూత్రం విషయం."

"అలాగే కానివ్వండి. మీ భోజనం వేళయినట్టుంది. చేతులు కడుక్కుని తినేసి రండి. మేం ఇక్కడే కూచుంటాం."

కూర్చున్నాం. కుర్చీలు ఆరే ఉంటే మిగతా అందరం తివాచీ మీద కూర్చున్నాం. నా పక్కన ఒక నడివయసు ఆవిడ కూర్చుని నన్ను చూసి చిన్నగా నవ్వింది. మొహం తెలిసినట్టుంది, ఎక్కడో గుర్తురాలేదు.

"నేను మీ ఫ్యాక్టరీలోనేనమ్మా," అంది. "మీరు ఇళ్ళకెళ్ళాక నేల తుడుస్తా."

ఆరేళ్ళుగా నా మిషన్ కింద దారపు ముక్కలు ఊడ్చే మనిషి. పేరు అడగాల్సి వచ్చింది. డిలియా అట. ఆమె తండ్రి ఆగినవాళ్ళ వరసలో పదకొండోవాడు. మా యూనియన్‌లో కుట్టేవాళ్ళనే చేర్చుకుంటాం, తుడిచేవాళ్ళను చేర్చుకోం. ఎందుకు చేర్చుకోమని ఆ రోజు దాకా నా బుర్రకు తట్టలేదు. సిగ్గేసింది. గేటు దగ్గర అమ్మ మీద వేసిన కేకలు గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది. ఆ శీతాకాలం మా గదిలో ఓటు పెట్టించి డిలియాను, ఆమెతో పనిచేసే నలుగుర్నీ చేర్పించాను. అంత తేలిగ్గా కాలేదు. నాతో పక్కపక్కన కుట్టినవాళ్ళే కొందరు, "గెరటీ కూతురికి వాళ్ళమ్మ బుద్ధులే వచ్చాయి," అన్నారు.

అలా తివాచీ మీద నాలుగు రోజులు కూర్చున్నాం. పేపరువాళ్ళు వచ్చి ఫోటోలు తీశారు. పోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళే తవ్వేవాళ్ళ తరఫున కూర్చున్నాక కమిటీ ఎవరి పేరు చెప్పుకుంటుంది? సమ్మె ఏడో వారంలో ఒప్పందం కుదిరింది. కుళాయి వచ్చింది, గది వచ్చింది, వాన రోజుకు సగం కూలి ఒప్పుకున్నారు. "సగం కూలికి సగమే తడవాలి కాబోలు," అన్నాడు జెమ్. అయినా సంతకం పెట్టాడు.

రోజుకు నలుగురి చొప్పున తవ్వారు. అమ్మ ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్ళింది. ఊనా మొగుడి రోజున ఆమె చెయ్యి పట్టుకుని నిలబడింది. నాన్న వంతు ఆరో రోజు, గురువారం పొద్దున. ఆ రోజే రేవులోకి రెండు బొగ్గు ఓడలు వచ్చి ఆగాయి. అప్పటికే రేవులోకి కంటైనర్లనే పెద్ద పెద్ద ఇనుప పెట్టెలు దిగడం మొదలైంది, వంద మంది పని ఒక క్రేన్ చేసేస్తోంది. ఇంకో అయిదేళ్ళకు బిళ్ళ ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకేలా ఇళ్ళల్లో కూర్చున్నారు. దొరికిన పని వదులుకుని రావడం ఎవరికి కుదురుతుంది? రేవు నుంచి రెండు వందల మందికి బదులు పదిహేను మంది వచ్చారు. కానీ తోట నిండిపోయింది. తమ వాళ్ళను అప్పటికే సాగనంపుకున్న ఇరవై ఒక్క ఇళ్ళవాళ్ళూ మళ్ళీ నల్లబట్టలు కట్టుకుని వచ్చారు. మా నాన్నను వాళ్ళలో ఎవరూ ఎరగరు.

జనానికి బాగా వెనక, సమాధుల మధ్య పెరిగిన పాత యూ చెట్టు పక్కన ఫింటన్ మామయ్య నిలబడి ఉన్నాడు. చేతులు జేబుల్లో ఉన్నాయి. అమ్మ జనంలోంచి దారి చేసుకుంటూ వెళ్ళి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"ఒరే, ముందుకు రా."

"నాకిక్కడ బానే ఉందే, జోసీ."

"మీ బావని మొయ్యడానికి తల వైపు మనిషి తక్కువయ్యాడు. రా."

మామయ్య వచ్చాడు. పెట్టె కింద భుజం పెట్టాక ఒక్క క్షణం అలాగే ఆగిపోయాడు, మొహం దానికి ఆనించి. తర్వాత జెమ్‌తో కలిసి అడుగు వేశాడు. నేను ఆ రోజు దాకా ఏడవలేదు. అప్పుడు ఏడ్చాను, ఎవరు చూస్తున్నారో కూడా పట్టించుకోలేదు.

అందరూ వెళ్ళాక మధ్యాహ్నం వంటింట్లో అమ్మ కప్పులు కడుగుతుంటే నేను తుడుస్తున్నాను. నా మనసులో ముల్లు ఇంకా పూర్తిగా పోలేదు.

"అమ్మా, ఆ శనివారం గేటు తెరిచుంది. నీకు ఆశ కలగలేదా?"

అమ్మ చేతిలో కప్పు నీళ్ళలోనే వదిలేసింది.

"కలగకపోవడమేంటే. గేట్లోంచి మోనికా పక్కన మట్టి కుప్ప కనిపిస్తోంది. ఇంకో పది అడుగులు వేస్తే మీ నాన్న దాని పక్కన ఉండేవాడు. ఊనా మొహం అటు తిప్పుకున్నా చాలు, నేను వెళ్ళిపోయేదాన్ని, సెప్టా. నిజంగా వెళ్ళిపోయేదాన్ని. అది నన్నే చూస్తూ నిలబడింది."

ఇంకో కప్పు తీసి నా చేతికిచ్చింది. నేను తుడిచి పెట్టాను.